మా గుండుగాడు పడుకుంటే గుట్ట గెలుస్తుంది

నాకు దయ్యాలంటే భయం లేదు. బల్లులంటే కొంచెం ఉంది. మా అత్తమ్మంటే ఇంకొంచెం ఎక్కువ ఉంది. అన్నిటికన్నా పెద్ద భయం మాత్రం, ఎంత చప్పుడైనా నిద్ర లేవని పసిపిల్లాడంటే!

అలాంటివాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా గుండుగాడు. ఏడాదిన్నర దాటింది. వాడికి చెవులు వినపడుతున్నాయో లేదో అని నేను ఎంత దిగులుపడ్డానో ఆ దేవుడికే తెలుసు. అయితే ఏడుపుగొట్టు మాటలు చదవడానికి మీరు పొద్దున్నే పేపరు తెరవలేదు కదా! అందుకని ఆ దిగులును కాసేపు ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఒక గొప్ప సత్యం చెప్తాను.

ఫుట్‌బాల్ అభిమానులున్నారే, తమ టీము ఫైనల్‌కి ఏ దారిన వెళ్తుందో పగలంతా లెక్కలు కట్టేవాళ్లు, వాళ్లు మన సమాజానికి దొరికిన వరం!

నవ్వకండి. నేను సరదాకి అనడం లేదు. మీ ఇంట్లో అలాంటివాడు ఒక్కడుంటే మీకు తలనొప్పి అనిపించవచ్చు. మ్యాచ్ రోజుల్లో మా ఇంట్లో పన్నెండుమంది చేరతారు. అయినా నాకు తలనొప్పి అనేదే తెలియలేదు. తల ఎక్కడుందో తెలిస్తే కదా!

మాది మౌలాలి, గుట్ట కింద. మా ఇంటి పక్క గోడ, రైల్వే కాలనీ గ్రౌండు గోడ, రెండూ ఒకటే. ముందుగదిలో కూర్చుని కిటికీ తెరిస్తే ఎదురుగా గోల్‌పోస్ట్. ఇలాంటి ఇంట్లో కాపురం చేసే ఆడది టికెట్ లేని గ్యాలరీకి కాపలాదారు అన్నమాట. ఏటా వానలు తగ్గగానే ఈ గ్రౌండులో డిక్రూజ్ షీల్డ్ పోటీలు జరుగుతాయి. మా టీము పేరు గుట్ట ఎలెవన్. మా ఆయన దయాకర్ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన ఆడడు. ఆడించడు. అయినా గుట్ట ఎలెవన్ ఓడిపోయిన రోజు కాలు బెణికేది ఆయనకే.

అసలు ఈ లెక్కలు ఎవరు కడతారో ఎప్పుడైనా ఆలోచించారా? గెలిచే టీము వాళ్లు కట్టరు! వాళ్లకేం అవసరం? ఆడతారు, గెలుస్తారు, ఇంటికెళ్లి అన్నం తింటారు. ఎంత చప్పని బతుకు! చదువూ సంస్కారమూ అంతా ఓడిపోయే టీము దగ్గరే ఉంటుంది. ఆ రకంగా చూస్తే మా గుట్ట ఎలెవన్ ఒక యూనివర్సిటీ.

ఈ ఏడు మొదటి మ్యాచ్ ఓడిపోయాం. రెండోది డ్రా. మామూలు మనుషులైతే వచ్చే ఏడు చూసుకుందాం అంటారు. కానీ ఈ షీల్డులో ఒక రూలు ఉంది. ప్రతి గ్రూపులో పైనున్న ఇద్దరితో పాటు, మూడో స్థానంలో నిలిచినవాళ్లలో కాస్త మెరుగైన ఇద్దరు కూడా క్వార్టర్స్‌కి వెళ్లవచ్చు. ఈ రూలు రాసినాయనకి గుట్ట కింద గుడి కట్టాలి! ఓడినవాడికి కూడా దారి ఉందని చెప్పినవాడు దేవుడు కాక మరెవరు?

ఆ రోజు సాయంత్రమే మా ముందుగదిలో మహాసభ షురూ. అధ్యక్షులు పురుషోత్తం అన్న. సందు మొగన కిరాణా కొట్టు ఆయనది. ఉప్పు కొలవడంలో ఎంత నిక్కచ్చో, ఆశ కొలవడంలో అంత ధారాళం.

"అన్నా, నిజం చెప్పు, ఛాన్సున్నదా?" అని మా ఆయన అడిగాడు. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి డాక్టరును అడిగినట్టు.

"ఎందుకు లేదుర? మనం గెలవాలె. యాప్రాలోళ్లు బొల్లారమోళ్లను చిత్తుగ కొట్టాలె. అటు గ్రూపుల ఇద్దరికిద్దరు గోల్ కొట్టకుంట ఉండాలె. గంతే! వానొస్తే ఇంకా మంచిది."

గంతే అట!

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనకూడదు, మాన్పించారు. మా లెక్కల టీచరు సంభావ్యత అనే పాఠం మొదలుపెట్టేలోపు నేను మా తమ్ముళ్లకి అన్నం వండడం మొదలుపెట్టాను. ఆ పాఠం నాకు బాకీ ఉండిపోయింది. ఇప్పుడు చూడండి! ఇంట్లో కూర్చుని, చాయ్ పోస్తూ, ఫీజు లేకుండా నేర్చుకున్నాను. ఎవరు డ్రా చేసుకుంటే ఎవరు పైకి వస్తారో, ఎవరి గోల్స్ తేడా ఎవరి కొంప ముంచుతుందో నన్నడగండి. ఆడవాళ్ల చదువు కోసం ఇంత పాటుపడిన సంస్థ ఇంకొకటి చూపించండి!

కుటుంబ ఐక్యత సంగతి చూద్దామా? పురుషోత్తం అన్నకి యాప్రాల్‌లో ఉన్న బావమరిదితో ఎన్నో ఏళ్లుగా మాటల్లేవు. ఏదో పెళ్లిలో భోజనాల దగ్గర వచ్చిన పేచీ. పెద్దమనుషులు కూర్చున్నా తెగలేదు. ఆ రోజు మా గడప మీద కూర్చుని ఫోన్ చేశాడు. "బావా, నేనే. అక్కడ మనోళ్లంత మంచిగున్నరా? బొల్లారంతోని జెర గట్టిగ ఆడమను బావా. తిండి మంచిగ పెట్టుండ్రి పోరగాండ్లకు!" అవతల బావమరిది కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఏ మధ్యవర్తి చేయగలడు ఈ పని?

ఇక వంటింట్లో జరిగిన మేలు చెప్పాలంటే నాలుక చాలదు. ఫైనల్‌కి దారి కంటికి కనబడాలని మా ఆయన నా కూరగాయల బుట్ట తెచ్చి గచ్చు మీద బోర్లించాడు. ఉల్లిగడ్డ యాప్రాల్. ఆలుగడ్డ పద్మారావు నగర్, ఎందుకంటే పోయినేడు షీల్డు వాళ్లదే, కాస్త లావెక్కి ఉన్నారని. టమాటా లాలాగూడ. వంకాయ బొల్లారం. మేము వెల్లుల్లిపాయ. చిన్నదే గానీ ఘాటు అట! వెల్లుల్లిపాయ టమాటాని దాటి, ఉల్లిగడ్డని దాటి, చివరికి ఆలుగడ్డ ముందు నిలబడుతుంది. ఆ చివరి ఘట్టం వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు.

నేను వంగి ఉల్లిగడ్డ తీసుకున్నాను.

"ఏయ్ లతా! యాప్రాల్‌ను కోస్తున్నవా ఏంది?"

"పోపు మాడుతున్నది. బొల్లారం కుళ్లిపోయింది. ఇగ దేన్ని కొయ్యాలె?"

ఆ రాత్రి పప్పులో వేసిన వెల్లుల్లిని ఎవ్వరూ ముట్టుకోలేదు. సొంత టీముని నమిలేవాళ్లు గుట్ట కింద లేరు.

మూడో మ్యాచ్ రోజు అసలు మహిమ జరిగింది.

మా గుండుగాడు మధ్యాహ్నం పాలు తాగి కిటికీ పక్కన ఉయ్యాల్లో పడుకున్నాడు. కిటికీకి ఇటువైపు పన్నెండుమంది. అటువైపు మర్ఫా మేళం, బారాత్‌లో గుండెల్లో మోగుతుందే, ఆ డోళ్లు. వీళ్లకి తోడు జెఫ్రీ అంకుల్. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పచ్చజెండా వదిలేశారు గానీ విజిల్ వదల్లేదు. గుట్ట ఎలెవన్ గోల్ కొట్టింది. మర్ఫా మోగింది. పన్నెండు గొంతులు లేచాయి. అంకుల్ విజిల్ ఊదారు. గోడ మీది క్యాలెండర్ కింద పడింది.

గుండుగాడు కదల్లేదు.

మళ్లీ గోల్. మళ్లీ అంత రచ్చ. వాడు పెదవి కూడా కదపలేదు. గెలిచాం! అటు యాప్రాల్ వాళ్లు బొల్లారాన్ని చిత్తు చేశారు. అవతల గ్రూపులో వాన పడి ఇద్దరూ సున్నా! పురుషోత్తం అన్న లెక్క అక్షరాలా నిజమైంది. ఆయన ఉయ్యాల దగ్గరికి వచ్చి, చెప్పులు విప్పి, దండం పెట్టాడు.

"దయాకర్! మనోనికి ఏమన్న తక్లీఫ్ అయిందారా ఇంత లొల్లిల? శాంతమూర్తి! వీడు పడుకుంటేనే గుట్ట గెలుస్తదిర!"

అందరూ ఒప్పుకున్నారు. మా అత్తమ్మ కమలాబాయి దిష్టి తీసింది. నేను కూడా నవ్వాను. ఏం చేయను? నా కొడుకుని దేవుడంటున్నారు. కింద పడ్డ క్యాలెండర్‌ని గోడకి తగిలిస్తూ మాత్రం వాడినే చూశాను.

ఆనాటి నుంచి నాకు దక్కిన భోగం ఏ రాణికి దక్కింది? ఏ టీముకి మ్యాచ్ ఉన్నా ఆ రోజు మధ్యాహ్నం నుంచే కాలనీ మగాళ్లంతా నా కొడుకుని నిద్రపుచ్చే పనిలో! సొంత పిల్లల ఉయ్యాల తాడు ఏనాడూ పట్టనివాళ్లు వంతులవారీగా ఊపారు. ఒకాయన జోలపాట నేర్చుకుని వచ్చాడు. ఒకాయన నిద్ర బాగా పడుతుందని నాకు జాజికాయ తెచ్చి ఇచ్చాడు. కొట్టు నుంచి, వర్క్‌షాపు నుంచి, షంటింగ్ యార్డు నుంచి ఒకటే ఫోన్లు. "వదినా, పడుకున్నడా?" పిల్లాడి నిద్ర గురించి ఇంతమంది మగాళ్లు బెంగపెట్టుకున్న ఇల్లు ఈ దేశంలో ఎక్కడైనా ఉందా?

ఈ వార్త పద్మారావు నగర్ దాకా పాకింది. వాళ్లు ఊరుకుంటారా? షీల్డు గెలిచినవాళ్లాయె! వాళ్లూ ఒక నిద్రపోయే పిల్లాడిని వెతికి పట్టుకున్నారు. వీరరాఘవమ్మ గారని, కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన పెద్దావిడ, ఆమె మనవడు. మావాడి కన్నా కొంచెం చిన్న. వాడిని తోపుడుబండిలో పడుకోబెట్టి, దానికి టీము రంగు రిబ్బన్లు కట్టి, గ్రౌండుకి అవతలి కొసకి ఊరేగింపుగా తెచ్చారు. నేను పనిగట్టుకుని వెళ్లి చూశాను. పక్కనే సీమటపాకాయల సరం పేలుతోంది. వాడు బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని హాయిగా నిద్ర!

"మావాడు బంగారమమ్మా," అంది వీరరాఘవమ్మ గారు నన్ను చూసి. "బాంబులు పడినా కదలడనుకో! మీవాడు కూడా ఇంతేనటగా?"

"ఇంతేనండీ," అన్నాను. ఇద్దరం చాలా గర్వంగా నవ్వుకున్నాం.

ఇక్కడ నా లెక్కలు కూడా చెప్పాలి. అభిమానులు అంటే వాళ్లే అనుకుంటున్నారా? నేను వాళ్ల కంటే ముదురు.

కుక్కర్ మూత చేజారి పడిన రోజు గుండుగాడు తిరిగి చూడలేదు. సరే, ఆటలో ఉన్నాడు, అది డ్రా కింద రాసుకున్నాను. వెనక నుంచి పిలిస్తే చూడలేదు. కానీ నా నీడ పడగానే తిరిగి నవ్వాడు, అది గెలుపు కింద వేసుకున్నాను. "వాళ్ల నాయిన సుత మూడేండ్లకు మాట్లాడిండు. ఇప్పుడు చూడు, నోరు మూస్తుండా?" అంది అత్తమ్మ. అబ్బ, ఆ మాట నాకు రెండు గోల్స్ పెట్టు! పక్కింటి షెకీనా కూతురు మావాడి ఈడుదే. ఆ పిల్ల కూడా ఇంకా మాట్లాడకపోతే మేము సమానం. మూడో స్థానంలో మెరుగైనవాళ్లకి చోటు ఉంటుంది కదా! ఆ పసిదాని నోట మాట రాకూడదని నేను రోజూ దేవుడి ముందు నిలబడ్డాను. నా అంత ఫ్యాన్ ఎవరండీ? ఒకరోజు ఆ పిల్ల తల్లి చంకలోంచి, గోడ మీదుగా నన్ను చూసి చెయ్యి ఊపుతూ "ఆంతీ, తాతా!" అంది. షెకీనా మురిసిపోయి దాన్ని ముద్దుపెట్టుకుంది. నేను లోపలికి వచ్చి నీళ్ల బిందె పట్టుకుని నిలబడ్డాను. మా పాయింట్లు అన్నీ పోయాయి.

టీకా వేయించడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ వాడి వెనక చిన్న గంట వాయించింది. వాడు ఆమె మెడలోని గొట్టాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇంకోసారి వాయించింది. అప్పుడు చీటీ రాసి ఇచ్చింది. సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రిలో చెవుల పరీక్ష, శనివారం మధ్యాహ్నం. తలకి తీగలు అంటించి, చెవిలో సన్నటి చప్పుళ్లు పెట్టి, అవి లోపలికి చేరుతున్నాయో లేదో చూస్తారట. ఒకటే షరతు. పిల్లాడు గాఢంగా నిద్రపోవాలి.

అదే శనివారం, అదే మధ్యాహ్నం, సెమీఫైనల్!

చూశారా తమాషా? మా గుండుగాడి నిద్ర ఇద్దరికి కావాలి. ఆసుపత్రికీ కావాలి, గుట్ట ఎలెవన్‌కీ కావాలి. అసలు మేము అప్పటికి సెమీస్‌కి రానే లేదు! క్వార్టర్స్ ఇంకా ఆడనే లేదు! ఓడిపోతే శనివారం మాకు గ్రౌండులో పనేముంది? కానీ దారి ఉంది కదా. వెల్లుల్లిపాయ ఉల్లిగడ్డ దాకా వెళ్లే దారి గచ్చు మీద కనబడుతోంది కదా. ఆ దారి కోసం మళ్లీ సభ కూడింది.

"స్లీప్ ఈజ్ స్లీప్, మ్యాన్," అన్నారు జెఫ్రీ అంకుల్. "ఎక్కడ పడుకుంటే ఏంది?"

"గట్లెట్ల అంకుల్?" పురుషోత్తం అన్న నొచ్చుకున్నాడు. "హోం గ్రౌండ్‌ల పడుకునుడు వేరు, అవే గ్రౌండ్‌ల పడుకునుడు వేరు!"

అందరూ తల ఊపారు. మా ఆయన నా మొహం చూడకుండా అన్నాడు. "ఒక్క వారమే కద లతా. సెమీస్ అయినంక డేట్ మార్పిద్దాం. వానికేమైంది, మంచిగనే ఉన్నడు. పరేషాన్ గాకు. ఛాన్సున్నది, తనంతట తనే మాట్లాడుతడు."

ఛాన్సున్నది!

నాకు కోపం రాలేదు. రావాలి కదా? రాలేదు. ఎందుకంటే ఆ మాట నేనే రోజూ నాతో అనుకునేదాన్ని. ఆయన గొంతులో వినేసరికి అది ఎంత డొల్లగా ఉందో తెలిసింది. తిడితే ఆయన చెవికెక్కదు. అభిమానికి అభిమాని భాషలోనే చెప్పాలి.

క్వార్టర్స్ రోజు లాలాగూడతో మ్యాచ్. గుండుగాడు ఉయ్యాల్లో. పన్నెండుమంది కిటికీ దగ్గర. నేను మా ఆయన చొక్కా పట్టి లాగాను.

"ఇటు రా. నాకొక్కటి చేసిపెట్టు. ఈసారి గోల్ పడితే గ్రౌండ్ దిక్కు చూడకు. ఉయ్యాల దిక్కు చూడు."

"ఏందీ? గోల్ చూడొద్దా?" ఆయన మొహం చూస్తే అన్నం తినొద్దన్నానేమో అనిపించింది.

"ఒక్కటే గోల్. తర్వాతవన్నీ నీవే."

ఏమనుకున్నాడో, వచ్చి ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. మెడ కిటికీ వైపు లాగుతోంది. చేత్తో గడ్డం పట్టుకుని ఇటు తిప్పుకుంటున్నాడు. పాపం, ఒక అభిమాని చేసిన త్యాగాల్లో దీన్ని మించింది నేను చూడలేదు.

గోల్ పడింది.

ఇల్లు లేచిపోయింది. మర్ఫా మోగింది. సరం పేలింది. అంకుల్ విజిల్ ఊదారు. పురుషోత్తం అన్న ఎగిరి కుర్చీ విరగ్గొట్టాడు. మా ఆయన ఆ గోలంతా వింటూ కొడుకు మొహం చూస్తున్నాడు. కనురెప్పలు చూస్తున్నాడు. వేళ్లు చూస్తున్నాడు. నిద్రలో ఉన్న ఏ పిల్లాడికైనా ఉలికిపాటు ఉంటుంది కదా, వేలైనా ముడుచుకుంటుంది కదా. ఏమీ లేదు. ఆయన వంగి వాడి చెవి దగ్గర చప్పట్లు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారి చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

కిటికీ దగ్గర నుంచి ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. "ఏమైందిర? గోల్ రా!" అన్నాడు ఒకడు. జెఫ్రీ అంకుల్ మా ఆయన చేతులనీ, ఉయ్యాలనీ మార్చి మార్చి చూశారు. ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నోట్లోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నారు.

"ఈ విజిల్‌కి ప్లాట్‌ఫారం మీద పడుకున్నోళ్లంతా లేచేవాళ్లు, బేటా," అన్నారు నాతో. "అందరూ."

గుట్ట ఎలెవన్ చరిత్రలో గెలుస్తుండగా నిశ్శబ్దం పాటించిన మ్యాచ్ అదొక్కటే.

"శనారం నేను లీవ్ పెడ్త," అన్నాడు మా ఆయన. అంతే. డేట్ మాట మళ్లీ ఎత్తలేదు.

శనివారం పొద్దున్నే పురుషోత్తం అన్న ఆటో తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు. కళ్లు ఎత్తకుండా, "అవే గ్రౌండ్‌ల పడుకున్నా కౌంట్ అయితదిలే చెల్లె," అన్నాడు. ఆసుపత్రిలో చల్లటి చిన్న గది. గుండుగాడు మొండికేశాడు. ఏ అరుపులకీ లేవనివాడు అక్కడ నిద్రపోనంటాడు! జోకొట్టాను, ఎత్తుకుని తిరిగాను. మా ఆయన కూడా తిరిగాడు. మధ్యమధ్యలో జేబులో ఫోన్ వణుకుతూనే ఉంది. చివరికి వాడు నా భుజం మీద వాలాడు. ఆయన వరండాలోకి వెళ్లి మెల్లగా అన్నాడు. "అన్నా, పడుకున్నడు."

ఫోన్‌లోంచి పన్నెండు గొంతులు, మర్ఫాతో సహా, వరండా అంతా నిండిపోయాయి!

"ఏమండీ, ఇక్కడ చెవుల పరీక్ష జరుగుతోంది," అని నర్సు కసిరింది. ఎన్నో వారాల తర్వాత నాకు నిజంగా నవ్వొచ్చింది.

గుట్ట గెలిచింది. యాప్రాల్ మీద, ఒకే ఒక్క గోల్‌తో. పురుషోత్తం అన్నకీ బావమరిదికీ మళ్లీ మాటల్లేవు.

పరీక్ష మాటకొస్తే, గుండుగాడికి రెండు చెవులూ బాగా తక్కువ వినబడతాయి. దూరం నుంచి వచ్చే పిలుపు, తలుపు చప్పుడు, నా జోలపాట, ఏదీ వాడిని చేరలేదు. కానీ చెవి మిషన్లు పెడితే వినగలడు. మాటలు నేర్పిస్తే నేర్చుకుంటాడు. "ఇప్పుడే తెచ్చారు, మంచిపని చేశారు. ఇంకా ఆగుంటే మాటలు చాలా కష్టమయ్యేవి," అంది డాక్టరమ్మ. చెవుల అచ్చులు తీసుకున్నారు. మిషన్లు వచ్చే వారం వస్తాయి. నేను వాడి నెత్తి మీద మొహం పెట్టి ఏడ్చాను. తర్వాత మేమిద్దరం క్యాంటీన్లో ఇడ్లీ తిన్నాం. మా ఆయన వాడి చెవిలో "గోల్" అని మెల్లగా అన్నాడు. అది వాడికి చేరలేదు. ఫర్వాలేదు. వచ్చే వారం మళ్లీ అంటాడట.

కాలనీకి ఈ వార్త తెలిసింది. దేవుడికి వినపడదని తెలిస్తే భక్తులు ఏం చేయాలి? మా ముందుగదిలో మళ్లీ మహాసభ కూడింది. పురుషోత్తం అన్నే తీర్మానం చేశాడు. "ఇగ వాడు పడుకునుడు బంద్. లేచి కూసోవాలె. మేం అరిస్తే వాడు మా దిక్కు చూడాలె. చూసిన ఏడు మనదే షీల్డు. నా లెక్క ఎన్నడన్న తప్పిందా?" తప్పింది అన్నా, చాలాసార్లు తప్పింది. ఈసారి మాత్రం తప్పకూడదని నేను కూడా గచ్చు మీద వెల్లుల్లిపాయ పెట్టాను.

అందుకే మళ్లీ చెప్తున్నాను. ఈ లెక్కలు కట్టేవాళ్లు వరం! వాళ్లు లేకపోతే అంత అరుపు ఎక్కడిది? అంత అరుపు లేకపోతే నా కొడుకు ఎందుకు లేవడం లేదని నాకు ఎప్పటికి తెలిసేది? వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. ఉన్నదల్లా ఒక్క చిన్న మాట మీదే. ఛాన్సుంది అనే మాట మీద. రేపటి మ్యాచ్ గురించి ఆ మాట ఎంతైనా అనుకోండి, తియ్యగా ఉంటుంది. కళ్లెదుట ఉయ్యాల్లో ఉన్న పిల్లాడి గురించి మాత్రం అనకండి. అప్పుడు లెక్క కట్టకూడదు. చూడాలి.

ఈ ఆదివారం సాయంత్రం ఫైనల్. గుట్ట ఎలెవన్, పద్మారావు నగర్. వెల్లుల్లిపాయ ఆలుగడ్డ ముందుకి నిజంగానే వచ్చి నిలబడింది! తోపుడుబండికి కొత్త రిబ్బన్లు కడుతున్నారట.

నేను వీరరాఘవమ్మ గారికి ఫోన్ చేశాను. మావాడి సంగతంతా చెప్పాను. ఒక్కసారి మనవడి వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి పెద్దమ్మా అని బతిమాలాను. ఆవిడ వెంటనే అందుకుంది. "ఎవరు చేయించారమ్మా ఈ ఫోను? ఫైనల్ ముందు మావాడి నిద్ర చెడగొట్టాలనేగా? మీ మౌలాలి వాళ్ల తెలివితేటలు మాకు తెలియవనుకోకు!" అని పెట్టేసింది. తప్పు పట్టను. నేనైనా అదే అనేదాన్ని.

నేను వెళితే గేటు తీయరు. మా కాలనీ వాళ్లు ఎవరు వెళ్లినా కుట్ర అంటారు. కాబట్టి పద్మారావు నగర్‌లో ఉండే పాఠకులారా, మీకు ఏ టీమూ లేకపోతే మరీ మంచిది. ఆదివారం గ్రౌండుకి రండి. గోల్ ఎవరు కొట్టినా సరే, అరవండి. అరుస్తూనే ఆ రిబ్బన్ల బండి దగ్గరికి వెళ్లి, పిల్లాడి మొహం చూడండి. వాడు ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టి ఏడిస్తే నాకు కబురు పెట్టండి. గుట్ట ఓడిపోయినా కాలనీ అంతా మిఠాయి పంచుతాను.

లేవకపోతే, బంగారం అని మాత్రం అనకండి. వాళ్ల అమ్మ పక్కకి వచ్చి నిలబడి ఉంటుంది, నేను నవ్వినట్టే నవ్వుతూ. ఆమె చెయ్యి పట్టుకోండి.